లండన్–సిడ్నీ: నేల మీద గడిచిన గంటలు

1919 నవంబర్ 12న లండన్ పక్కనున్న హౌన్స్‌లో మైదానం నుంచి లేచిన విమానం డిసెంబర్ 10న ఆస్ట్రేలియా ఉత్తర కొసన డార్విన్‌లో దిగింది. ప్రయాణానికి పట్టింది 27 రోజుల 20 గంటలు. అందులో విమానం గాల్లో ఉన్నది మాత్రం 135 గంటల 55 నిమిషాలే. అంటే 668 గంటల్లో 136. ఒక వంతు ఎగిరితే నాలుగు వంతులు నేల మీదే గడిచాయి.

రెండు ఊళ్ల మధ్య ప్రయాణం ఎంతసేపంటే దూరాన్ని వేగంతో భాగించి చెప్పేస్తాం. బడిలో నేర్పిన లెక్క అది. లండన్ నుంచి సిడ్నీకి తిన్నగా పోతే సుమారు 17,000 కిలోమీటర్లు. నూరేళ్లలో ఆ దూరం అంగుళం కూడా తగ్గలేదు, ప్రయాణం మాత్రం నెల రోజుల నుంచి ఒక్క రోజుకు దిగింది. ఇదంతా ఇంజన్ల మహిమ అని చెప్పుకోవడం మామూలు. అందులో నిజం లేకపోలేదు గానీ సగమే ఉంది. మిగతా సగం కింద ఉంది. ఎక్కడ దిగాలి, ఎవరి దగ్గర అనుమతి తీసుకోవాలి, అక్కడ పెట్రోలు దొరుకుతుందా, రాత్రికి మంచం ఉందా అన్న ప్రశ్నలే ఈ దారి చరిత్రను చాలావరకు రాశాయి.

అంతకుముందు ఈ దారి ఓడలది. శిక్షపడిన ఖైదీలను మోసుకుంటూ 1787 మే 13న పోర్ట్స్‌మత్ నుంచి బయల్దేరిన తొలి నౌకాదళం ఆస్ట్రేలియా తీరం చేరేసరికి మరుసటి ఏడాది జనవరి వచ్చింది. ఎనిమిది నెలలు. సూయజ్ కాలువ, ఆవిరి ఓడలు వచ్చాక ఆ ప్రయాణం ఆరు వారాలకు అటూ ఇటూగా కుదురుకుంది. మనుషుల కంటే కబురు ముందే వేగం పుంజుకుంది. 1872 నుంచి లండన్ కబురు తంతి మీద ఆస్ట్రేలియాకు గంటల్లో వెళ్లసాగింది. సముద్రం అడుగున వేసిన ఆ తీగ దారిలో మన మద్రాసు కూడా ఒక మజిలీ. మద్రాసు నుంచి పెనాంగ్, సింగపూర్, జావాల మీదుగా డార్విన్‌కు తంతి పోయేది. మనిషి మాత్రం ఇంకో యాభై ఏళ్లు ఓడ మీదే ఊగుతూ ఉండిపోయాడు.

మొదటి ప్రపంచ యుద్ధం ముగిసేసరికి ఆస్ట్రేలియా పైలట్లు వందల సంఖ్యలో బ్రిటన్‌లో ఉన్నారు. ఆస్ట్రేలియా ప్రధాని బిల్లీ హ్యూస్ 1919లో ఒక పందెం ప్రకటించాడు. బ్రిటన్ నుంచి 30 రోజుల లోపు విమానంలో ఆస్ట్రేలియా చేరిన తొలి ఆస్ట్రేలియన్లకు 10,000 పౌండ్లు. గెలిచింది రాస్ స్మిత్, కీత్ స్మిత్ అనే అన్నదమ్ములు, వాళ్లతో వచ్చిన మెకానిక్‌లు బెన్నెట్, షియర్స్. మొదట చెప్పుకున్న విమానం వాళ్లదే. అది వికర్స్ విమీ, యుద్ధంలో బాంబులు వేయడానికి తయారైన రెండు ఇంజన్ల విమానం. మీద కప్పు లేదు. చలిగాలి, వాన, ఎండ అన్నీ మొహం మీదే. విమానం మీది రిజిస్ట్రేషన్ అక్షరాలు జి-ఇఎఒయు. దేవుడా మా అందర్నీ కాపాడు అని ఆ అక్షరాలకు వాళ్లు ఇంగ్లీషులో అర్థం చెప్పుకున్నారు. ఆ ప్రార్థన ఊరికే చేసింది కాదు. పందెంలో దిగిన జట్లలో రెండు మధ్యలోనే ప్రాణాలు పోగొట్టుకున్నాయి. ఒక విమానం లండన్ శివార్లు కూడా దాటకుండా సర్బిటన్‌లో కూలింది, మరొకటి గ్రీస్ దగ్గర కోర్ఫు సముద్రంలో పడింది.

స్మిత్ సోదరుల దారిని మజిలీల వారీగా చదివితే అది విమానయానంలా ఉండదు, బళ్ల మీద సాగిన యాత్రలా ఉంటుంది. కైరో, డమాస్కస్ దాటి ఇరాక్‌లోని రమాదీలో దిగితే రాత్రి గాలివాన ఎత్తుకుంది. అక్కడున్న భారత అశ్వికదళ సైనికులు విమానం ఎగిరిపోకుండా చేతులతో పట్టుకుని నిలబడ్డారు. కరాచీ, ఢిల్లీ, అలహాబాద్ మీదుగా కలకత్తా వచ్చి గుర్రప్పందేల మైదానంలో దిగారు. మర్నాడు లేస్తుండగా ఒక డేగ వచ్చి ప్రొపెల్లర్‌కు కొట్టుకుంది. చెట్ల కొమ్మలకు తగలకుండా బయటపడటం వాళ్ల అదృష్టం. బర్మాలోని అక్యాబ్‌లో, వీళ్లకు నెల ముందే పారిస్‌లో బయల్దేరిన ఫ్రెంచి పైలట్ పూలే ఎదురయ్యాడు. సియాంలోని సింగోరాలో దిగే మైదానం సగం చెట్ల మొద్దులతో నిండి ఉంది.

జావాలోని సురబాయాలో అసలు కష్టం వచ్చింది. పైకి గట్టిగా కనిపించిన నేల కింద బురద. చక్రాలు ఇరుసు దాకా దిగబడ్డాయి. ఊరివాళ్లు ఇళ్ల నుంచి వెదురు చాపలు తెచ్చి ఒకదాని పక్కన ఒకటి పరిచారు. ఒకసారి ప్రయత్నిస్తే చాపలు చెల్లాచెదురై విమానం మళ్లీ కూరుకుపోయింది. ఇంకా చాపలు తెప్పించి, ఈసారి ఒకదానికొకటి కలిపి కట్టి, ఆ చాపల బాట మీంచి ఎట్టకేలకు లేచారు. డార్విన్‌లో దిగేసరికి గడువుకు రెండు రోజులు మాత్రమే మిగిలి ఉంది. బహుమతి సొమ్మును నలుగురూ సమానంగా పంచుకున్నారు. అన్నదమ్ములకు సర్ బిరుదులు వచ్చాయి. ఆ విమానం ఇప్పటికీ అడిలైడ్ ఎయిర్‌పోర్టులో ప్రదర్శనకు ఉంది.

అదే పందెంలో రెండో స్థానం రేమండ్ పారర్, జాన్ మెకింటోష్‌లది. ఒకే ఇంజన్ ఉన్న పాత విమానంలో 1920 జనవరిలో బయల్దేరి ఆగస్టు 2న డార్విన్ చేరారు. 206 రోజులు! వేగంగా నడిచే ఓడలో ఇంగ్లండ్ వెళ్లి తిరిగొచ్చి, మళ్లీ వెళ్లి రావచ్చు. దారిలో ఎన్నిసార్లు కూలినా, ఖర్చు పెట్టుకున్న పెద్దమనిషి ప్రధాని హ్యూస్‌కు పంపిన విస్కీ సీసాను మాత్రం పగలకుండా చేర్చారు.

ఈ పందెం ఆస్ట్రేలియాకు మరో మేలు చేసింది. పోటీ విమానాలు దిగడానికి ఉత్తరాన మైదానాలు వెతికిపెట్టమని ప్రభుత్వం ఇద్దరు మాజీ సైనికులను పంపింది. వాళ్లు హడ్సన్ ఫిష్, పాల్ మెగిన్నెస్. రోడ్లు లేని ఆ ఎడారి నేలలో ఫోర్డు కారు వేసుకుని తిరిగాక వాళ్లకు ఒక సంగతి తెలిసొచ్చింది: ఇక్కడ మనుషులు బతకాలంటే విమానాలు కావాలి. 1920 నవంబర్‌లో వాళ్లు మొదలుపెట్టిన చిన్న కంపెనీయే క్వాంటాస్. విమానాలు దిగే నేలను వెతకడానికి పోయినవాళ్లు పెట్టిన సంస్థ అది.

తర్వాత పదేళ్లు ఒంటరి వీరులవి. 1928లో బెర్ట్ హింక్లర్ చిన్న ఏవ్రో ఏవియన్‌లో ఒక్కడే పదిహేనున్నర రోజుల్లో డార్విన్ చేరాడు. అతని రికార్డు బద్దలు కొడదామని 1930 మే 5న లండన్ దగ్గరి క్రాయిడన్ నుంచి ఎమీ జాన్సన్ అనే 26 ఏళ్ల అమ్మాయి ఒంటరిగా బయల్దేరింది. ఆరు రోజుల్లో కరాచీ. హింక్లర్ కంటే రెండు రోజులు ముందు. ఇక ఆమెను ఎవరూ ఆపలేరనుకున్నారు. ఆపింది నేలే. పెట్రోలు చాలక ఝాన్సీలో సైనికుల పరేడ్ మైదానంలో దిగాల్సి వచ్చింది. వానలో దారి తెలియక రంగూన్ పక్కన ఇన్సేన్‌లో ఇంజనీరింగ్ బడి ఆటస్థలంలో దిగితే విమానం గుంటలో పడి రెక్క విరిగింది. అక్కడి ఉపాధ్యాయులు, విద్యార్థులు కలిసి బాగు చేశారు. చిరిగిన రెక్క మీద వేయడానికి గుడ్డ కావాలి. యుద్ధకాలంలో మిగిలిపోయిన విమానాల గుడ్డతో కొందరు చొక్కాలు కుట్టించుకున్నారు. ఆ చొక్కాలను కుట్లు విప్పి మళ్లీ రెక్కకే అతికించారు. మే 24న డార్విన్ చేరేసరికి రికార్డు పోయింది. అయినా ఒంటరిగా ఆ దూరం ఎగిరిన తొలి స్త్రీగా పేరు మిగిలింది. ఆ రోజుల్లో రంగూన్ రేవులో, మిల్లుల్లో పనిచేసే కూలీల్లో తెలుగువాళ్లు వేలమంది. కాకినాడ, విశాఖల నుంచి వాళ్లను బంగాళాఖాతం దాటించింది స్టీమర్లే. తల మీదుగా ఇంగ్లండ్ విమానం పోవడం వాళ్లకు చూసే వింతే గాని ఎక్కే బండి కాదు.

వీరులు దాటడం వేరు, టిక్కెట్టు కొన్నవాడు దాటడం వేరు. టిక్కెట్టు ప్రయాణికుడికి దారి వేయడానికి బ్రిటిష్ సంస్థ ఇంపీరియల్ ఎయిర్‌వేస్ పడిన పాట్లు చూస్తే, ఆకాశంలో కూడా దారి నేల మీదే గీయాల్సి వచ్చిందనిపిస్తుంది. ఇది ఉపమానం కాదు. 1921లో బ్రిటిష్ వాయుసేన కైరో నుంచి బాగ్దాద్‌కు తపాలా విమానాలు నడపడం మొదలుపెట్టినప్పుడు పైలట్లు ఎడారిలో దారి తప్పకుండా ఇసుకలో నాగలి సాలు తోలించారు. పైలట్ ఆ గీతను చూసుకుంటూ పోవాలి. మధ్యలో గుండ్రంగా గుర్తులు పెట్టిన చోట దిగాలి. సాలు కనిపించకపోతే మేఘాల్లో కాదు, ఇసుకలో వెతుక్కోవాలి.

1929 మార్చి 30న లండన్–కరాచీ తపాలా, ప్రయాణికుల సర్వీసు మొదలైంది. పేరుకు విమాన సర్వీసు. క్రాయిడన్ నుంచి స్విట్జర్లాండ్‌లోని బాజెల్ దాకా విమానం, అక్కడ రైలెక్కి ఆల్ప్స్ పర్వతాలు దాటి జెనోవా, మళ్లీ నీటి మీద దిగే విమానంలో అలెగ్జాండ్రియా, అక్కడి నుంచి ఇంకో విమానంలో కరాచీ. ఏడు రోజులు, 130 పౌండ్లు. ఆ తపాలాను కరాచీ నుంచి దక్షిణానికి మోయడానికే 1932 అక్టోబర్ 15న జె.ఆర్.డి. టాటా తన పుస్ మాత్ విమానంలో కరాచీ నుంచి బొంబాయి వచ్చాడు. అక్కడి నుంచి అతని తోటి పైలట్ నెవిల్ విన్సెంట్ బళ్లారి మీదుగా మద్రాసు చేర్చాడు. టాటా దారిలో అహ్మదాబాద్‌లో పోసుకున్న పెట్రోలు డబ్బాలు ఎద్దులబండి మీద వచ్చాయి. లండన్‌లో పోస్టు చేసిన ఉత్తరం రాయలసీమ మీదుగా ఎగిరిపోవడం అప్పుడు మొదలైంది.

అదే 1932లో పర్షియా ప్రభుత్వం తన తీరం మీదుగా బ్రిటిష్ విమానాలు ఎగరడానికి ఇచ్చిన అనుమతిని ముగించింది. గల్ఫ్‌కు ఉత్తరపు ఒడ్డున వేసుకున్న ఏర్పాట్లన్నీ వదులుకుని దక్షిణపు ఒడ్డుకు మారాల్సి వచ్చింది. మజిలీ కోసం వెతికి వెతికి చివరికి షార్జా షేక్ సుల్తాన్ బిన్ సఖర్‌తో ఒప్పందం కుదిరింది. విమానాలు దిగినందుకు నెలకు 800 రూపాయలు, షేక్ సొంతానికి 500 రూపాయలు. పౌండ్లు కాదు, మన రూపాయలే, గల్ఫ్‌లో అప్పుడు చెల్లేది అదే. ఆ ఒప్పందం ప్రకారం అక్కడ కోటలాంటి విశ్రాంతి గృహం కట్టారు. చుట్టూ ప్రహరీ, బురుజులు. ప్రయాణికులు అందులో భోంచేసి నిద్రపోయి తెల్లవారి మళ్లీ విమానం ఎక్కేవాళ్లు. ఆ భవనం ఇప్పుడు మ్యూజియం. విమానాలు దిగిన బాట ఊళ్లో వీధిగా మారిపోయింది. షార్జాలో ఉద్యోగాలు చేసే తెలుగువాళ్లు రోజూ ఆ రోడ్డు మీద కార్లలో పోతుంటారు.

కరాచీ తర్వాత ఢిల్లీ, 1933లో కలకత్తా, రంగూన్, ఆ ఏడాది చివరికి సింగపూర్. సింగపూర్ నుంచి బ్రిస్బేన్ దాకా క్వాంటాస్. 1935 ఏప్రిల్ నుంచి ఎవరైనా 195 పౌండ్లు కడితే లండన్ నుంచి బ్రిస్బేన్‌కు పన్నెండున్నర రోజుల్లో వెళ్లొచ్చు. పారిస్ నుంచి ఇటలీ కొసదాకా మాత్రం ఇంకా రైలే.

పన్నెండున్నర రోజులు విమానాల చేతగానితనం వల్ల కాలేదు. అంతకు ఆరు నెలల ముందే ఆ సంగతి రుజువైంది. 1934 అక్టోబర్‌లో ఇంగ్లండ్‌లోని మిల్డెన్‌హాల్ నుంచి మెల్‌బోర్న్‌కు జరిగిన పోటీలో స్కాట్, క్యాంప్‌బెల్ బ్లాక్ అనే ఇద్దరు డీహావిలాండ్ కామెట్ విమానాన్ని 71 గంటల్లో చేర్చారు. తప్పనిసరిగా దిగాల్సిన అయిదు చోట్లలో అలహాబాద్ ఒకటి. గెలిచింది పోటీ కోసమే కట్టిన విమానం, కాబట్టి అది ఒక ఎత్తు. రెండో స్థానం ఎవరిదో చూస్తే గుండెలు గుబేల్‌మన్నది బ్రిటిష్ వాళ్లకే. డచ్ సంస్థ కెఎల్ఎమ్‌కు చెందిన మామూలు డగ్లస్ డీసీ-2. లోపల ముగ్గురు ప్రయాణికులు, ఉత్తరాల మూటలు. పేరు ఊవర్. దానికి పట్టింది 90 గంటలు. ఇంపీరియల్ ప్రయాణికుడు పన్నెండు రోజులు తిరిగే దూరాన్ని, అమ్మకానికి దొరికే విమానం నాలుగు రోజుల లోపు తిరిగింది. తేడా ఏమిటంటే ఊవర్ రాత్రిపూట కూడా ఎగిరింది, ప్రయాణికులను హోటల్‌కు పంపలేదు.

ఆ ఊవర్ కూడా గమ్యం ముందు నేల కోసం అంగలార్చింది. ఆస్ట్రేలియాలో చివరి రాత్రి ఉరుముల వానలో దారి తప్పి ఆల్‌బరీ అనే చిన్న ఊరి మీద చక్కర్లు కొట్టసాగింది. ఊరి విద్యుత్ కేంద్రంలోని ఇంజనీరు వీధి దీపాలన్నిటినీ ఆర్పుతూ వెలిగిస్తూ మోర్స్ సంకేతాల్లో ఊరి పేరును ఆకాశానికి చెప్పాడు. కార్లున్నవాళ్లంతా రేస్‌కోర్సుకు రండి అని రేడియోలో పిలిచారు. జనం కార్లను వరుసగా నిలిపి హెడ్‌లైట్ల వెలుగులో దిగే బాటను చూపించారు. విమానం క్షేమంగా దిగి బురదలో కూరుకుపోయింది. తెల్లారి ఊరంతా తాళ్లు కట్టి లాగితే లేచిపోయి రెండో స్థానంలో చేరింది. రెండు నెలలు తిరక్కుండానే డిసెంబర్‌లో, జావాలోని బటావియాకు పోతూ ఇరాక్ ఎడారిలో రుత్బా దగ్గర కూలి, అందులో ఉన్న ఏడుగురూ చనిపోయారు.

1938లో ఇంపీరియల్, క్వాంటాస్ కలిసి ఈ దారిలో ప్రవేశపెట్టిన ఎంపైర్ ఫ్లయింగ్ బోట్‌ల గురించి ఇప్పటికీ మురిపెంగా రాస్తుంటారు. రెండంతస్తుల పొట్ట, వాహ్యాళికి అటూ ఇటూ నడవడానికి చోటు, పొగ తాగేవాళ్లకు వేరే గది. ప్రయాణికులు పదిహేనుమందే. సౌతాంప్టన్ నీళ్లలో ఎక్కి సిడ్నీలోని రోజ్ బే నీళ్లలో దిగడానికి తొమ్మిది పది రోజులు, ముప్పైకి పైగా మజిలీలు. వాటిలో కరాచీ నుంచి కలకత్తా దాకా పడిన మజిలీలు మనవాళ్లకు వింతగా ఉంటాయి. ఉదయపూర్ దగ్గర 17వ శతాబ్దంలో మహారాణా రాజసింహ్ తవ్వించిన రాజసమంద్ చెరువు. ఆ తర్వాత గ్వాలియర్ రాజ్యంలోని మాధో సాగర్ చెరువు, అలహాబాద్ దగ్గర యమున, కలకత్తా దగ్గర హుగ్లీ. జనానికి నీళ్లు ఇవ్వడానికి రాజులు తవ్వించిన చెరువులు లండన్ ప్రయాణికులకు విమానాశ్రయాలయ్యాయి. విమానాశ్రయాలు కట్టడం ఖర్చు, నీళ్లు అన్నిచోట్లా ఉన్నాయి, బరువైన విమానం నీళ్ల మీద తేలిగ్గా దిగుతుంది, ఇదీ ఆ పద్ధతి వెనక లెక్క. ప్రతి సాయంత్రం దిగాలి, హోటల్లో భోజనం, నిద్ర. విలాసం అని ఇప్పుడు మురిసిపోతున్నది అప్పట్లో చీకట్లో ఎగరలేని, ఒక్క దూకుడులో దూరం పోలేని విమానాలకు తప్పని ఏర్పాటు.

ఆ దారి రెండేళ్లలో తెగిపోయింది. 1940 జూన్‌లో ఇటలీ యుద్ధంలోకి దిగడంతో మధ్యధరా సముద్రం మూతపడింది. 1942 ఫిబ్రవరిలో సింగపూర్ పడిపోయింది. జావా, బర్మా, అండమాన్‌లు జపాన్ చేతిలో. లండన్‌కు ఆస్ట్రేలియాను కలిపే గొలుసులో మధ్య ముక్క మాయమైంది. కింద దిగడానికి నేలే లేనప్పుడు ఏం చేయాలి?

దిగకుండా పోవాలి. 1943 జూలై నుంచి క్వాంటాస్ పెర్త్‌లోని స్వాన్ నది మీద నుంచి సిలోన్‌లో గాలె పక్కనున్న కొగ్గల చెరువు దాకా కాటలీనా నీటి విమానాలు నడిపింది. మధ్యలో 5,600 కిలోమీటర్లు పైచిలుకు హిందూ మహాసముద్రం. ఎక్కడా ఆగడం లేదు. గంటకు సుమారు 200 కిలోమీటర్ల వేగంతో 27 నుంచి 33 గంటలు. బయల్దేరినవాళ్లు గాల్లోనే రెండు సూర్యోదయాలు చూసేవాళ్లు, అందుకే ఈ ప్రయాణానికి జంట సూర్యోదయం అని పేరు. ట్యాంకుల నిండా పెట్రోలు నింపగా మిగిలిన చోట ముగ్గురే ప్రయాణికులు, 69 కిలోల తపాలా. తయారీదారు చెప్పిన పరిమితి కంటే టన్నుల బరువు ఎక్కువ. మొదటి పది గంటల్లో ఒక ఇంజన్ ఆగితే రెండోదానితో గాల్లో నిలబడటం జరిగే పని కాదు. జపాన్ విమానాలు వింటాయని రేడియో నోరు మూసుకుని ఉండేది. చీకట్లో నక్షత్రాలను చూసి లెక్కగట్టి దారి పట్టాలి. విమానాలకు కూడా నక్షత్రాల పేర్లే పెట్టారు: ఆల్టెయిర్, వేగా, రైజెల్, ఆంటరీస్, స్పైకా. చేరిన ప్రయాణికుడికి జంట సూర్యోదయ రహస్య సంఘ సభ్యుడని ఒక పత్రం రాసిచ్చేవాళ్లు. 1945 జూలై వరకు 271 సార్లు దాటారు. ఒక్కటీ పోలేదు. టిక్కెట్టు ప్రయాణాల్లో ఎక్కడా ఆగకుండా అంతసేపు గాల్లో ఉన్నవి ఆ తర్వాత ఇంతవరకు రాలేదు.

ఇక్కడ ఒక విచిత్రం చూడాలి. యుద్ధం ముగిసే రోజుల్లో, 1945 మే 31న, బాంబర్ విమానం నుంచి మార్చిన లాంకాస్ట్రియన్‌లు ఇంగ్లండ్–సిడ్నీ మధ్య మొదలయ్యాయి. పాలస్తీనాలోని లిడ్డా, కరాచీ, సిలోన్‌లోని రత్మలాన, ఆస్ట్రేలియా పడమటి ఒడ్డున లియర్‌మంత్, అంతే మజిలీలు. ప్రయాణికులు గోడకు వీపు ఆనించి పక్కవాటుగా కూర్చోవాలి, రాత్రి ఆరుగురికే పడక. మూడు రోజుల లోపు చేరిపోయేవాళ్లు. తర్వాత 1947 డిసెంబర్ 1న క్వాంటాస్ సిడ్నీ నుంచి లండన్‌కు కాన్‌స్టెలేషన్ విమానాన్ని పంపింది. లోపలి గాలి ఒత్తిడి సరిచేసే ఏర్పాటున్న మెరుగైన విమానం. 29 మంది ప్రయాణికులు, 11 మంది సిబ్బంది. డార్విన్, సింగపూర్, కలకత్తా, కరాచీ, కైరో, ట్రిపోలి. దీనికి నాలుగు రోజులు పట్టింది. గాల్లో ఉన్నది 55 గంటలే. సింగపూర్‌లో ఒక రాత్రి, కైరోలో ఒక రాత్రి ఆగారు. మంచి విమానం నెమ్మదిగా పోయింది. ఎందుకంటే 585 పౌండ్లు పెట్టి రానూపోనూ టిక్కెట్టు కొన్నవాణ్ణి పక్కవాటుగా మూడు రోజులు కూర్చోబెట్టలేరు కదా. దాన్నే కంగారూ రూట్ అన్నారు. పేరులో చప్పుడు చేయకుండా ఒప్పుకోలు ఉంది: కంగారూ గెంతుతుంది.

1959లో క్వాంటాస్ బోయింగ్ 707 జెట్‌లు లండన్ దారిలోకి వచ్చాయి. ప్రయాణం ఒకటిన్నర రోజు లోపలికి వచ్చింది. ఇక్కడ వేగం పాత్ర నిజంగా పెద్దది, ఎందుకంటే గంటకు 500 కిలోమీటర్ల నుంచి ఒక్కసారిగా 900 దగ్గరికి పోయింది. కానీ ఇక్కడే వేగం కథ ముగిసింది. 707 పోయిన వేగమే దాదాపుగా 747 కూడా పోయింది, ఇవ్వాళ్టి విమానాలూ అంతే. 1959 తర్వాత గడియారంలో తగ్గిన ప్రతి గంటా ఆగకపోవడం వల్ల మిగిలిందే. 1971లో 747 వచ్చింది. పాత విమానాలు ఏడెనిమిది చోట్ల ఆగితే 747 రకాలు రెండు చోట్ల ఆగాయి. తర్వాతి 747-400 ఒక్కచోట, సింగపూర్‌లోనో బ్యాంకాక్‌లోనో. మజిలీలు తగ్గుతున్న కొద్దీ పాత ఊళ్ల పేర్లు టైమ్‌టేబుల్ నుంచి రాలిపోయాయి. కలకత్తా, కరాచీల మీదుగా లండన్ వెళ్లడం పెద్దవాళ్ల జ్ఞాపకమైంది.

ఒక్కచోటా ఆగకుండా పోవచ్చా అని 1989లో క్వాంటాస్ పరీక్షించింది. కొత్తగా కొన్న 747-400ను లండన్ నుంచి తెచ్చుకునే సమయంలో. ప్రయాణికులు లేరు, లోపల కొద్దిమంది సిబ్బంది, అతిథులు. మామూలు కన్నా చిక్కగా ఉండేలా జర్మనీలో ప్రత్యేకంగా చేయించిన ఇంధనం నింపారు. టాక్సీ చేస్తే ఇంధనం ఖర్చవుతుందని రన్‌వే చివరి దాకా ట్రాక్టర్‌తో లాక్కెళ్లారు. ఆగస్టు 17న సిడ్నీలో దిగేసరికి 20 గంటల 9 నిమిషాలు. 1919 లెక్కకు ఇది సరిగ్గా తలకిందులు: మొత్తం ప్రయాణమే గాల్లో ఉన్న కాలం. ఆ విమానం ఇప్పుడు సిడ్నీకి దక్షిణాన ఒక మ్యూజియంలో ఉంది. 2015లో అక్కడికి చేరడానికి చేసిన చివరి ప్రయాణం పావుగంట లోపే.

అతిథులతో జరిగిన విన్యాసం రోజూ జరిగే సర్వీసు కావడానికి ముప్పై ఏళ్లు పట్టింది. అదీ పూర్తిగా కాలేదు. 2018 మార్చిలో పెర్త్ నుంచి లండన్‌కు, 14,498 కిలోమీటర్లు, బోయింగ్ 787లో సుమారు 17 గంటల 20 నిమిషాల్లో ఎక్కడా ఆగకుండా ప్రయాణికులు వెళ్లారు. 2019 నవంబర్‌లో లండన్ నుంచి సిడ్నీకి పరిశోధన కోసం ఒక విమానం వెళ్లింది. 52 మంది, 19 గంటల 19 నిమిషాలు. ఎప్పుడు దీపాలు ఆర్పాలి, ఏం తినిపించాలి అని వాళ్ల నిద్రను, ఆకలిని పరీక్షించారు. 2022లో ఈ దారి కోసమే 12 ఎయిర్‌బస్ ఏ350-1000 విమానాలకు క్వాంటాస్ ఆర్డర్ ఇచ్చింది. 20,000 లీటర్ల అదనపు ట్యాంకు, 238 సీట్లే. పథకానికి ప్రాజెక్ట్ సన్‌రైజ్ అని పేరు, ఆ పాత కాటలీనాల జంట సూర్యోదయాన్ని తలుచుకుంటూ.

2019 పరిశోధన విమానం దారి పటంలో ఆసక్తిగా ఉంటుంది. లండన్, పోలండ్, రష్యా, కజకిస్తాన్, చైనా, ఫిలిప్పీన్స్, సిడ్నీ. గోళం మీద అసలైన దగ్గరి దారి ఇటే. భారతదేశం దాని మీద లేదు. అంటే కరాచీ, అలహాబాద్, కలకత్తాలు నూరేళ్ల కిందట దారిలోకి వచ్చింది దగ్గర కాబట్టి కాదు, అక్కడి నేల బ్రిటిష్ సామ్రాజ్యానిది కాబట్టి. పక్క దారిలో సోవియట్ రష్యా ఉండేది. అది సులువుగా దిగనిచ్చేది కాదు.

ఆ సామ్రాజ్యం పోయింది, కానీ కింద నేల ఎవరిదన్న ప్రశ్న మాత్రం గాల్లో ఉన్నవాడిని వదలలేదు. 2022లో యుద్ధం వల్ల రష్యా ఆకాశం పాశ్చాత్య సంస్థలకు మూతపడ్డాక హెల్సింకీ నుంచి టోక్యోకు తొమ్మిది గంటలున్న ప్రయాణం పదమూడు గంటలైంది. విమానం మారలేదు, వేగం మారలేదు. ఇక 2024 ఏప్రిల్‌లో పశ్చిమాసియాలో ఉద్రిక్తత పెరిగినప్పుడు ఇరాన్ ఆకాశాన్ని తప్పించాల్సి వచ్చింది. చుట్టుదారి వేస్తే పెర్త్ నుంచి బయల్దేరిన విమానానికి ఇంధనం చాలదు. దాంతో నిరాటంకంగా లండన్ పోవాల్సిన సర్వీసు కొన్నాళ్లు సింగపూర్‌లో దిగి ఇంధనం పోసుకుంది. తిరుగు ప్రయాణంలో, లండన్ నుంచి పెర్త్‌కు, పడమటి గాలులు వెనక నుంచి తోస్తాయి కాబట్టి ఆ విమానం ఎప్పటిలాగే ఆగకుండా వచ్చేది.